చేనుగట్టు రాళ్ళలో కెంపును గుర్తుపట్టిన తీరు

కెంపు కోసం వెతికేవాళ్ళు చాలామంది ఎరుపు కోసం చూస్తారు. అందుకే వాళ్ళకది కనిపించదు. నగల అంగట్లో సానపట్టి దీపం కింద పెట్టిన కెంపు వేరు, దున్నిన చేలో మట్టి కొట్టుకుని పడి ఉన్న కెంపు వేరు. రెండోది ఊదా కలిసిన గోధుమ రంగులో, పైన కాకిబంగారం (అభ్రకం) పొర కప్పుకుని, వెలుతురును లోపలికి రానివ్వని మొద్దు రాయి. కాలికి తగిలినా వంగి చూడబుద్ధి కాదు. నా దగ్గరున్న స్ఫటికం అలాంటిదే. దాన్ని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఒక వేరుశనగ చేనుగట్టున ఏరుకుని బెంగళూరు తెచ్చాం. అది కురువిందం అనే ఖనిజమే అనీ, అందులోనూ క్రోమియం వల్ల ఎరుపెక్కిన కెంపేననీ తేల్చుకునేదాకా ఏమేం చేశామో రాస్తున్నాను. రాళ్ళంటే ఇష్టం ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్ళకి ఉపయోగపడాలని నా కోరిక.

చేసింది నేనూ, మా చిన్నాయనా. మాది కుప్పం. చిన్నాయన కోలార్ బంగారు గనుల్లో పనిచేశారు. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడ్డాక బెంగళూరొచ్చి కె.ఆర్.పురంలో ఉండిపోయారు. చిన్నప్పుడు సెలవులకి గనుల దగ్గరున్న వాళ్ళింటికి వెళ్తే మా ఈడు పిల్లలంతా సైనైడ్ దిబ్బలెక్కి (బంగారం తీశాక మిగిలిన మట్టి దిబ్బలవి) ఆడుకునేవాళ్ళు. నేను మాత్రం ఆయన బీరువాలో కాగితం పొట్లాలు విప్పుకుంటూ కూర్చునేదాన్ని. ఒక్కో పొట్లంలో ఒక రాయి, దాంతోపాటు ఏ చోట, ఎంత లోతులో దొరికిందో రాసిన చీటీ. ఇప్పటికీ నా రాళ్ళ డబ్బాల్లో చీటీ లేని రాయి ఉండదంటే అది ఆయన నేర్పిన పద్ధతే.

కురువిందం అంటే అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. గట్టిదనంలో వజ్రం తర్వాత ప్రకృతిలో మనకి మామూలుగా ఎదురయ్యేది ఇదే. ఖనిజ శాస్త్రవేత్త మోస్ 1812లో తయారుచేసిన కొలబద్ద మీద వజ్రానిది 10, దీనిది 9. క్రోమియం కొద్దిగా చేరితే కెంపు, ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. పాతకాలంలో రత్నాలు అరగదీసే సాన చక్రాలని కురువిందం పొడి, లక్క కలిపి చేసేవాళ్ళు. దక్షిణాదిలో ఈ రాయి గురించి జనానికి తరతరాలుగా తెలుసు. అయితే నగకి పనికొచ్చే ముక్క అరుదు. అన్ని ముఖాలూ చెక్కుచెదరకుండా, పుట్టిన రాతితో సహా దొరికే స్ఫటికం ఇంకా అరుదు. సేకరించేవాళ్ళు కోరుకునేది ఈ రెండోదాన్నే.

పావగడ పేరుకి కర్ణాటక అయినా చుట్టూ దాదాపు అంతా ఆంధ్రే. ఊళ్ళలో తెలుగు బాగా వినిపిస్తుంది. మధుగిరి దాటాక దారిపొడవునా బోడిగుట్టలు, ఎర్రనేలలు, తిరుమణి వైపు పోతే 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. మేము వెళ్ళింది తొలివానలు పడి, దుక్కులు అయి, విత్తనం ఇంకా పడని రోజుల్లో. నాగలి అడుగునున్న రాళ్ళని పైకి తెస్తుంది, వాన వాటిమీది మట్టి కడుగుతుంది, కాళ్ళ కింద నలగడానికి పైరు ఉండదు. రాళ్ళు చూడటానికి ఇంతకన్నా మంచి అదను లేదు.

గట్టు పక్కన కారు ఆపగానే ఒక పెద్దాయన వచ్చాడు.

"ఏమి ఎతుకుతాండారు సామీ?"

"రాళ్ళు చూస్తాండామప్పా. నీ చేలోకి రావచ్చునా?" అన్నారు చిన్నాయన.

"ఇత్తనం ఇంగా ఏయలేదులే, రాండి. రాళ్ళన్నీ ఏరి గట్టుమీదే పోసినాం. ఎత్తుకోని పోతే నాకే మేలు."

ఈ మాట అడగకుండా ఎవరి చేలోనూ అడుగు పెట్టకూడదు. ఊరి పేరు ఇక్కడ రాయకపోవడానికీ కారణముంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి వైపు వజ్రాల కోసం జనం చేలమీద ఎలా వాలతారో మనకి తెలుసు. ఆ తొక్కుడు ఇంకో ఊరి రైతుకి నా వల్ల రాకూడదు. పైన పడి ఉన్న రాయి ఒకటి రెండు, రైతు ఇస్తే తీసుకోవడం వేరు. తవ్వి తీసి అమ్ముకోవాలంటే మాత్రం గనుల శాఖ అనుమతి ఉండాల్సిందే.

ఇక అసలు పని. నేను గట్టుమీద రాళ్ళలో ఎర్రటివాటి కోసం కళ్ళు పెట్టుకుని చూస్తుంటే చిన్నాయన రాళ్ళ వంక చూడనే లేదు. నేలని చూస్తూ నడిచారు. ఒకచోట తెల్లటి పలుగురాళ్ళు పరుచుకుని ఉన్నాయి. జీవితమంతా పలుగురాతి ఈనెల్లో బంగారం వెతికిన మనిషి, ఆగకుండా దాటిపోయారు.

"ఇక్కడుండదు పాపా. పలుగురాయి ఉండే రాతిలో కురువిందం పుట్టదు" అన్నారు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని తగ్గిపోతుంది. పలుగురాయి అంటే సిలికా. రాతిలో సిలికా మిగులు ఉంటే అల్యూమినియం దానితో కలిసి ఫెల్డ్‌స్పార్, అభ్రకం లాంటివిగా మారిపోతుంది. కురువిందం ఏర్పడటానికి ఏమీ మిగలదు. సిలికా కరువైన చోటే అల్యూమినియం విడిగా గడ్డకడుతుంది. అలాంటి చోటు ఎలా వస్తుందంటే, సిలికా బాగా ఉన్న పెగ్మటైట్ (పెద్దపెద్ద స్ఫటికాలుండే గ్రానైట్ లాంటి రాయి) ఈనె ఒకటి నల్లటి, మెగ్నీషియం ఎక్కువున్న రాతిలోకి చొచ్చుకుపోతుంది. ఆ నల్లరాయి ఈనెలోని సిలికాని లాగేసుకుంటుంది. రెండూ తగిలిన అంచున కాకిబంగారం పొర ఏర్పడుతుంది, లోపల పలుగురాయి లేని ఫెల్డ్‌స్పార్ మిగులుతుంది. ఆ ఫెల్డ్‌స్పార్‌లో కురువిందం పెరుగుతుంది. కాబట్టి చేలో వెతకాల్సింది మూడు: అలాంటి నల్లరాయి మారగా వచ్చే, చేతికి జారుగా తగిలే బలపం రాయి ముక్కలు, నేలమీద మెరిసే కాకిబంగారం, పలుగురాయి కాని తెల్లరాయి.

పలుగురాయినీ ఫెల్డ్‌స్పార్‌నీ విడదీయడం మొదట్లో కష్టంగా ఉంటుంది, రెండూ తెల్లనివే కాబట్టి. విరిగిన చోట చూడాలి. పలుగురాయి గాజు విరిగినట్టు వంపులు తిరిగి విరుగుతుంది, మీద జిడ్డు మెరుపు ఉంటుంది. ఫెల్డ్‌స్పార్ చదునైన పలకలుగా విరుగుతుంది. రాయిని ఎండలో మెల్లగా తిప్పితే ఒక కోణం దగ్గర ఆ పలక మొత్తం ఒక్కసారి తళుక్కుమంటుంది. చేను పడమటి మూల గట్టు దగ్గరికి వచ్చేసరికి పలుగురాళ్ళు పోయి ఈ తళుకు తెల్లరాళ్ళు మొదలయ్యాయి. వాటి మధ్య బూడిదపచ్చ బలపం ముక్కలు. అక్కడ ఇద్దరం కూర్చుని రాళ్ళు ఒక్కొక్కటే తీసి చూడటం మొదలుపెట్టాం. సీసా నీళ్ళు వాటిమీద కొద్దికొద్దిగా పోస్తూ చూడటం మంచిది, తడిసిన రాయి అసలు రంగు చెబుతుంది.

దొరికింది బొటనవేలంత ముక్క. మధ్యలో లావు, ఒక కొనకి కాస్త సన్నం, రెండో కొన అడ్డంగా విరిగి చదునుగా ఉంది. ఒళ్ళంతా వెండిరంగు అభ్రకం అంటుకుని ఉంది. గోటితో గీకితే ఆ పొర రేకులుగా ఊడి, కింద ఊదా ఎరుపు బయటపడింది. లెన్సు పెట్టి చూస్తే ఆరు పక్కలు. కోణం సరిచూడటానికి ఇంట్లోనే శుభలేఖ అట్ట మీద 120 డిగ్రీల గాటు కోసి పెట్టుకున్నాను. దాన్ని రెండు పక్కల మధ్య ఆనించాను. అరిగిన అంచుల దగ్గర తప్ప మిగతా చోట వెలుతురు సందు కనబడలేదు. పక్కల మీద సన్నటి గీతలు అడ్డంగా ఉన్నాయి. ఈ అడ్డం చాలా ముఖ్యం. కెంపులా కనిపించే ఇంకో ఖనిజం ఎర్ర టూర్మలిన్ అయితే గీతలు నిలువుగా, పొడవునా పోతాయి, దాని అడ్డుకోత కూడా ఉబ్బిన త్రికోణంగా ఉంటుంది. చదునుగా విరిగిన కొన మీద పది రెట్లు పెద్దది చేసి చూపే లెన్సుతో చూస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కిన త్రికోణపు మెట్లు కనబడ్డాయి. కురువిందానికి వజ్రానికున్నట్టు నిజమైన చీలిక తలాలు లేవు. కానీ ఇలా కొన్ని తలాల వెంబడి విడిపోయే గుణం ఉంది. అందుకే ఈ స్ఫటికం దగ్గరికి సుత్తి రానివ్వకూడదు. ఒక్క దెబ్బకి బిళ్ళలుగా ఊడిపోతుంది.

ఆకారం చాలా చెప్పింది కానీ చేలో గార్నెట్లు కూడా ఉన్నాయి. చూడటానికి వాటిదే మంచి ఎరుపు. గార్నెట్ స్ఫటికం అన్ని వైపులా ఒకే కొలతతో గుండ్రంగా పెరుగుతుంది, ముఖాలు పన్నెండో ఇరవైనాలుగో ఉంటాయి, పొడవు సాగదు. అరిగిపోయి ముఖాలు తెలియని ముక్క అయితే గట్టిదనం చూడాల్సిందే.

ముందు కత్తి. కత్తి మొనతో రాయిమీద గీస్తే గీత పడింది కానీ అది రాయికి పడిన గీత కాదు, కత్తి ఉక్కే అరిగి రాయికి అంటుకుంది. తడి వేలితో తుడిస్తే రాయి చెక్కుచెదరకుండా ఉంది. గట్టిదనం పరీక్షలో ఈ తుడవడం మర్చిపోకూడదు. తర్వాత పలుగురాయి నున్నటి ముఖం మీద మన రాయి విరిగిన అంచుతో గీశాం. లోతుగా దిగింది. గార్నెట్ కూడా పలుగురాయిని అంతో ఇంతో గీస్తుంది, దాని గట్టిదనం 6.5 నుంచి 7.5 దాకా ఉంటుంది. అందుకని చిన్నాయన తన సంచిలోంచి చిన్న టోపాజ్ ముక్క తీశారు. అది 8. దానిమీద కూడా తెల్లటి గాడి పడింది, తుడిచినా పోలేదు. టోపాజ్‌ని గీసే ఖనిజాలు ప్రకృతిలో వేళ్ళమీద లెక్కపెట్టేన్ని: క్రైసోబెరిల్, కురువిందం, వజ్రం. పరీక్షకి ఎప్పుడూ విరిగిన అంచునే వాడాలి. మంచి ముఖాన్ని గీతలపాలు చేస్తే ఆ స్ఫటికం విలువ అక్కడే పోతుంది.

అల్ట్రావయొలెట్ టార్చి బెంగళూరులో ఎస్.పి.రోడ్డులో కొన్నాను. చవకగా దొరికేవి 395 నానోమీటర్లవి. అవి తమ ఊదా వెలుతురుతోనే రాయిని నింపేస్తాయి, మెరిసింది రాయో టార్చో తెలియదు. కొంటే 365 నానోమీటర్లది, ముందు నల్లటి ఫిల్టరు అద్దం ఉన్నది కొనాలి, కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. మిట్టమధ్యాహ్నం చీకటెక్కడ దొరుకుతుంది? కారులో వెనక సీటుమీద రాయి పెట్టి, మా ఇద్దరి తలలమీదా కంబళి కప్పుకున్నాం. టార్చి వెయ్యగానే చుట్టూ ఉన్న తెల్లరాయి చీకట్లోనే ఉండిపోయింది. అభ్రకం ఊడిన చోటల్లా మన రాయి మాత్రం నివురు గప్పిన నిప్పులా లోపలినుంచి ఎర్రగా వెలిగింది. అభ్రకం కింది నుంచి ఆ ఎరుపు గీతలుగా కనిపించడం నేను జన్మలో మర్చిపోను. క్రోమియం చేసే పని అది. ఇనుము ఎక్కువైతే ఈ వెలుగు చచ్చిపోతుంది, కాబట్టి వెలగనంత మాత్రాన కెంపు కాదని తీసెయ్యకూడదు. మామూలు ఎర్ర గార్నెట్ వెలగదు. ఎర్ర స్పైనెల్ అనే ఇంకో ఖనిజం మాత్రం వెలుగుతుంది, కానీ దాని స్ఫటికం రెండు పిరమిడ్లని అడుగులు కలిపి అతికించిన ఎనిమిది ముఖాల ఆకారం, గట్టిదనం 8 దగ్గరే ఆగుతుంది.

కంబళి తీసేసరికి పెద్దాయన కారు అద్దం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన్ని కూడా లోపల కూర్చోబెట్టి చూపించాం. చాలాసేపు మాట్లాడకుండా చూసి, "ఎంత పలుకుతాది సామీ?" అని అడిగాడు.

అడగాల్సిన ప్రశ్నే. నిజం చెప్పడం మా బాధ్యత కూడా. వెలుతురు లోపలికి దూరని కెంపు నగకి పనికిరాదు. లోపల రూటైల్ అనే ఖనిజపు సన్నటి సూదులు సరిగ్గా అమరి ఉంటే బోర్లించిన గిన్నె ఆకారంలో సానపట్టినప్పుడు మీద ఆరు కాళ్ళ చుక్క కనబడుతుంది, అలాంటిదైతే కొంత ధర వస్తుంది. దీన్ని సానపట్టిస్తే స్ఫటికం ఆకారం పోతుంది, చుక్క వస్తుందన్న నమ్మకమూ లేదు. రాళ్ళు సేకరించేవాళ్ళు ఇలాంటి ముక్కకి ఇచ్చేది పెద్ద మొత్తం కాదు. ఇదంతా చిన్నాయన ఆయనకి అర్థమయ్యేలా చెప్పారు. మేము ఒక స్ఫటికం, రెండు చిన్న ముక్కలు తీసుకుని, తెల్లరాతిలోనే ఉన్న ఇంకో పెద్ద ముక్కని ఆయన చేతిలో పెట్టాం. ఎవరైనా వచ్చి లక్షలు చేస్తుందనో, అసలు ఏమీ చేయదనో చెబితే రెండూ నమ్మొద్దని మరీ మరీ చెప్పొచ్చాం. మా ఫోన్ నంబరు కూడా ఇచ్చాం.

ఇంటికొచ్చాక చేసింది సాంద్రత. దీనికి రెండు దశాంశ స్థానాలు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. అభ్రకాన్ని పాత టూత్‌బ్రష్‌తో, ఓపిగ్గా సూదితో తీసేశాను. ముందు పొడిరాయి తూకం: 23.84 గ్రాములు. తర్వాత కాటామీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేశాను. రాయికి దారం కట్టి, అడుగుకీ పక్కలకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీశాను. అప్పుడు కాటా చూపించేది రాయి పక్కకి నెట్టిన నీటి బరువు: 6.02 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 3.96. కురువిందం సాంద్రత 4 చుట్టుపక్కల ఉంటుంది. నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయాలి, లేకపోతే రాయి సందుల్లో గాలిబుడగలు పట్టుకుని లెక్క తప్పుతుంది. ఫెల్డ్‌స్పార్ అంటుకుని ఉన్నా అంకె తగ్గిపోతుంది. ఈ 3.96తో టూర్మలిన్ పోయింది, అది 3.1 దగ్గర ఉంటుంది. స్పైనెల్ 3.6, క్రైసోబెరిల్ 3.7, అవీ పోయాయి. పోనిది గార్నెట్. ఇనుమున్న గార్నెట్ 4 దాటుతుంది కాబట్టి సాంద్రత ఒక్కటే చూస్తే దాన్నీ దీన్నీ విడదీయలేం.

దానికి చిన్నాయన చూపించిన ఉపాయం నాకు చాలా నచ్చింది. బేసిన్‌లో నీళ్ళు పోసి, థర్మాకోల్ ముక్కమీద గార్నెట్ చిన్న పెచ్చు పెట్టి తేలనిచ్చారు. పాత హార్డ్‌డిస్క్‌లోంచి తీసిన నియోడైమియం అయస్కాంతం దగ్గరికి తెస్తే థర్మాకోల్ మెల్లగా దాని వైపు జరిగింది. మామూలు అయస్కాంతానికి ఈ బలం చాలదు. తర్వాత మన కెంపు పెచ్చు పెట్టారు. అయస్కాంతం ఎంత దగ్గరికి తెచ్చినా కదల్లేదు. ఇంకో పెచ్చుని కిటికీ వెలుతురుకి అడ్డంపెట్టి పొలరాయిడ్ కళ్ళద్దాన్ని దాని ముందు తిప్పితే పల్చటి అంచు ఒకసారి ఊదా ఎరుపుగా, ఒకసారి నారింజ ఎరుపుగా మారింది. గార్నెట్‌లో ఈ మార్పు ఉండదు.

మా ఇద్దరికీ అక్కడితో అనుమానం తీరిపోయింది. అయినా యంత్రం మాట కూడా రాసిపెట్టుకుందామని రత్నాలు పరీక్షించే ఒక ల్యాబ్‌కి వెళ్ళాను. సానపట్టని రాళ్ళు చూడమని కౌంటర్ దగ్గరే పంపేశారు. చివరికి పరిశోధన చేస్తున్న తెలిసిన అమ్మాయి తన ప్రొఫెసర్‌ని అడిగి రామన్ స్పెక్ట్రోమీటర్ (లేజర్ వెలుతురు చెదిరే తీరుని బట్టి ఖనిజాన్ని గుర్తుపట్టే యంత్రం) కింద పెట్టింది. రామన్ కొలతలో 418 cm⁻¹ దగ్గర కురువిందం గుర్తు వచ్చింది. ఆకుపచ్చ లేజర్ పడగానే 692.8, 694.3 నానోమీటర్ల దగ్గర క్రోమియం జంట గీతలు మిగతా అన్నిటికన్నా ఎత్తుగా లేచాయి. 1960లో అమెరికా శాస్త్రవేత్త మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజర్ వెలుతురు ఈ 694.3దే, దానికి వాడింది కృత్రిమ కెంపు కడ్డీ. పావగడ మట్టిలోంచి వచ్చిన రాయి తెరమీద అదే గీత గీస్తుంటే నాకు నోట మాట రాలేదు. సి.వి.రామన్ గారు తన జీవితంలో ఎన్నో రత్నాలు, స్ఫటికాలు సేకరించారు. అవి ఇప్పటికీ బెంగళూరులో ఆయన స్థాపించిన సంస్థలో ఉన్నాయి. ఆయన పేరున్న పద్ధతితో, ఆయన చివరిదాకా ఉన్న బెంగళూరులోనే నా రాయికి పేరు ఖాయం కావడం నాకు గర్వంగా ఉంది.

చీటీ రాశాను: కురువిందం, ఎరుపు రకం, అపారదర్శకం, వదులు రాయి, చేనుగట్టు రాళ్ళ కుప్ప, పడమటి మూల, తోడు రాళ్ళు ఫెల్డ్‌స్పార్, అభ్రకం, బలపం రాయి, సాంద్రత 3.96. ఊరి పేరు, మ్యాప్ అంకెలు చీటీ మీద ఉన్నాయి.

ఇంకా తేలనిది ఒకటుంది. గట్టుమీద రాళ్ళు రైతు ఏరి పోసినవి, అవి చేలో ఏ మూల నుంచి వచ్చాయో తెలియదు. నల్లరాయీ పెగ్మటైటూ తగిలే ఆ అంచు అక్కడే ఎక్కడో నేలకింద ఉండాలి. చేనుకి ఎగువన పాత బావి ఒకటుందనీ, అది తవ్వినప్పుడు మెరిసే రాయి బండ్లకొద్దీ వచ్చిందనీ పెద్దాయన మొన్న ఫోన్లో చెప్పాడు. వేరుశనగ పీకాక రమ్మన్నాడు. బావి గోడలో ఏ రాయి మీద ఏ రాయి ఉందో ముందు ఫోటోలు తీసుకుని, కొలతలతో బొమ్మ గీయాలని చిన్నాయన అప్పుడే గ్రాఫు కాగితాలు కొనిపెట్టారు.